పరీక్ష రోజు పరుగా, నడకా?

వ్యాయామం ఎంత గట్టిగా చేస్తే బుర్ర అంత చురుగ్గా ఉంటుందా? ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలే ఈసారి శీర్షిక నిండా. రాసినవాళ్లలో ఎక్కువమంది 18 నుంచి 30 ఏళ్లలోపువాళ్లు. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. పోటీ పరీక్షకు తయారవుతున్నాను. పొద్దున్నే అరగంట పరుగెత్తి వచ్చి పుస్తకం ముందు కూర్చుంటాను. కొన్ని రోజులు బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. కొన్ని రోజులు ఒక్క ముక్కా ఎక్కదు. పరీక్ష రోజు పరుగెత్తాలా, మానాలా?

జవాబు: మానక్కర్లేదు, వేగం తగ్గించండి. మీ వయసువాళ్ల మీద జరిగిన ప్రయోగాల్లో తరచుగా కనిపించిన సంగతి ఇది: 20 నుంచి 30 నిమిషాలు మధ్యస్థ తీవ్రతతో వ్యాయామం చేసి, కాసేపు ఆగి పరీక్షకు కూర్చుంటే స్పందించే వేగం, ఏకాగ్రత, అనవసరమైనదాన్ని పక్కనపెట్టే నేర్పు కొద్దిగా మెరుగవుతాయి. కొద్దిగానే. 2012లో 79 అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణలో కూడా లాభం ఉంది కానీ చిన్నదని తేలింది. చదవని పాఠాన్ని ఏ పరుగూ గుర్తుచేయదు.

ఆ విశ్లేషణలోనే మీకు పనికొచ్చే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. వ్యాయామం 20 నిమిషాలు దాటినప్పుడు లాభం నిలకడగా కనిపించింది. ఆపిన 11 నుంచి 20 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షల్లో ఫలితం ఎక్కువగా ఉండి, ఆ పైన తగ్గుతూ వచ్చింది. ఆపీ ఆపగానే పరీక్షిస్తే తేలికపాటి, మధ్యస్థ వ్యాయామాలదే పైచేయి. కొంత విరామం ఇస్తే గట్టి వ్యాయామం చేసినవాళ్లూ లాభపడ్డారు. అంటే తీవ్రతను ఒక్కదాన్నే చూసి లాభం లేదు, తర్వాత ఎంతసేపు ఆగుతారన్నదీ చూసుకోవాలి. మీ మంచి రోజులకూ చెడ్డ రోజులకూ తేడా బహుశా అక్కడే ఉంది. ఆయాసం తీరకుండానే పుస్తకం తెరిచిన రోజులు ఏవో ఒకసారి గుర్తుచేసుకోండి.

పరీక్ష పదింటికి అనుకుందాం. ఆరింటికి చేసిన పరుగు ప్రభావం పదింటిదాకా నిలవదు. నిద్రమత్తు వదలడానికీ, కంగారు తగ్గడానికీ మాత్రం పనికొస్తుంది. ఏకాగ్రత కోసమే అయితే పరీక్షకు దగ్గరగా, తొమ్మిది ప్రాంతంలో మొదలుపెట్టి పాతిక నిమిషాలు చురుగ్గా నడవండి. చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రండి. తర్వాత నీళ్లు తాగి, చెమట ఆరేదాకా కూర్చుంటే హాలులోకి వెళ్లే వేళవుతుంది. అంతకుముందు ఎన్నడూ చేయని వ్యాయామాన్ని ఆ రోజు మొదలుపెట్టవద్దు. కనీసం రెండు మూడు మాదిరి పరీక్షల రోజుల్లో ఇదే క్రమం పాటించి చూసుకోండి.

చెడ్డ రోజులకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. నీరు. పరుగుకు ముందూ తర్వాతా, తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. మధ్యలో ఏమీ తాగకపోతే తగ్గిన ప్రతి కిలోకూ దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు లెక్క. శరీర బరువులో 2 శాతం, అంటే 60 కిలోల మనిషికి 1.2 కిలోలు తగ్గితే ఏకాగ్రత దెబ్బతినే అవకాశం ఉంది. అరగంట పరుగులో అంత పోవడం అరుదే, కానీ ఉక్కపోత రోజున, రాత్రి కూడా నీళ్లు సరిగా తాగకపోతే ఆ గీత దగ్గరికి వచ్చేస్తారు.

ప్రశ్న: మధ్యస్థ తీవ్రత అంటే ఎంత? నా వాచీ ఒకటి చెబుతుంది, ఫోన్‌లోని యాప్ ఇంకోటి చెబుతుంది. స్నేహితుడితో కలిసి ఒకే వేగంతో పరుగెడితే అతను కబుర్లు చెబుతుంటాడు, నాకు ఊపిరాడదు.

జవాబు: మీ స్నేహితుడి సంగతితోనే మొదలుపెడదాం, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. తీవ్రతను కొలవాల్సింది కిలోమీటర్లలో కాదు, మీ సామర్థ్యంలో ఎంత వాడుతున్నారన్న దాంట్లో. ఒకే వేగం అతనికి మధ్యస్థం, మీకు తీవ్రం. ఇద్దరూ వచ్చి చదవడానికి కూర్చుంటే ఇద్దరి తలలూ ఒకేలా పనిచేయవు.

కొలవడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా చవకైనది మాట్లాడి చూడటం. పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సివస్తే తీవ్రం.

రెండోది నాడి లెక్క. మీ గరిష్ఠ గుండె వేగం కోసం చాలా యాప్‌లు 220లోంచి వయసు తీసేస్తాయి. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. 20 ఏళ్లవారికి మొదటిది 200 అంటుంది, రెండోది 194. మీ వాచీకీ యాప్‌కీ పేచీ ఇక్కడే వస్తుంది. రెండూ సగటు లెక్కలే. ఒక్కో మనిషికి అసలు అంకె పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు.

ఆ అంకె వచ్చాక ఫిన్లాండ్ శాస్త్రవేత్త కార్వోనెన్ పేరుతో 1957 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి మేలు, ఎందుకంటే అది మీ విశ్రాంతి నాడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నిద్ర లేవగానే మంచం దిగకముందు నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. 64 అనుకుందాం. గరిష్ఠం 194. తేడా 130. ఈ తేడాలో 40 నుంచి 59 శాతం మధ్యస్థం, 60 నుంచి 89 శాతం తీవ్రం. 130లో 40 శాతం 52, దానికి 64 కలిపితే 116. 59 శాతం దాదాపు 77, దానికి 64 కలిపితే 141. కాబట్టి 116 నుంచి 141 దాకా మధ్యస్థం, అక్కడినుంచి 180 దాకా తీవ్రం.

మూడోది స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన శ్రమ కొలబద్ద. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక నావల్ల కాదు. 12, 13 దగ్గర మధ్యస్థం, 14 నుంచి 17 తీవ్రం. అంకెలు 6తో మొదలవడం వింతగా ఉంటుంది కానీ కారణం ఉంది. ఆ అంకెను పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుల గుండె వేగానికి సుమారుగా దగ్గరగా వస్తుంది.

వాచీని పూర్తిగా నమ్మకండి. మణికట్టు దగ్గరి సెన్సర్ వెలుతురుతో రక్తప్రవాహాన్ని చూస్తుంది. పట్టీ వదులైనా, చేయి ఎక్కువగా ఊగినా తడబడుతుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. సులువుగా పరుగెడుతున్నా తెర మీద 165, 170 కదలకుండా కనిపిస్తే మీ అడుగులు లెక్కపెట్టి చూడండి. నిమిషానికి అన్నే పడుతుంటే వాచీ చూపిస్తున్నది అడుగుల్నే. పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, జారకుండా బిగించండి. ఆగి ఆగి చేసే వేగపు పరుగుల్లో వాచీ కొన్ని సెకన్లు వెనకబడుతుంది, అక్కడ ఛాతీకి కట్టుకునే పట్టీయే సరైనది. ఎండలో అరగంట దాటాక వేగం పెరగకపోయినా గుండె వేగం పది, పదిహేను పెరుగుతుంది. ఇది వాచీ తప్పు కాదు. శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, ఆ లోటును గుండె వేగంతో పూడుస్తుంది. అలాంటప్పుడు అంకెను కాకుండా, పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా అన్నది చూసుకుని వేగం తగ్గించండి.

ప్రశ్న: గట్టిగా పరుగెత్తుతున్నప్పుడు చిన్న కూడిక కూడా తప్పుతున్నాను. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే మెదడుకు రక్తం ఎక్కువ అందాలి కదా? పైగా పరుగెత్తితే తెలివి పెరుగుతుందంటారు!

జవాబు: ఒక హద్దు దాకా మీరన్నది నిజమే. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌లో 60 శాతం దగ్గరికి వచ్చేదాకా మెదడుకు వెళ్లే రక్తం పెరుగుతుంది. అది దాటి ఇంకా గట్టిగా చేస్తే మళ్లీ తగ్గడం మొదలవుతుంది. దానికి కారణం ఊపిరి. ఎగశ్వాసతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, రక్తంలో అది తగ్గితే మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్‌ను నిండా పీలుస్తూనే మెదడుకు వెళ్లే రక్తాన్ని మనమే తగ్గించుకుంటున్నామన్నమాట. ఇందులో ప్రమాదం ఏమీ లేదు, కానీ కూడికకు అనుకూలమైన సమయం మాత్రం కాదు.

రక్తం ఒక్కటే కథ కాదు. వ్యాయామం మొదలుపెట్టగానే మెదడును ఉత్తేజపరిచే రసాయనాలు నార్‌అడ్రినలిన్, డోపమైన్ పెరుగుతాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే లెక్కను మనసులో పట్టుకునేది, తొందరపాటును ఆపేది, వీటి పట్ల చాలా సున్నితం. అవి మితంగా పెరిగితే పదునెక్కుతుంది. మరీ ఎక్కువైతే వేరే రకం గ్రాహకాలు (ఆ రసాయనాల్ని అందుకునే భాగాలు) మేల్కొని ఆ భాగం పనిని అణచివేస్తాయి. అప్పుడు మనిషి అలవాటైన, ఆలోచన అక్కర్లేని స్పందనల వైపు జారిపోతాడు. అందుకే తీవ్రమైన వ్యాయామంలో దీపం వెలగగానే మీట నొక్కడంలాంటి పని పెద్దగా చెడదు, కొన్నిసార్లు వేగం పెరుగుతుంది కూడా. ఎరుపు దీపానికి నొక్కు, ఆకుపచ్చకు ఆగు, కానీ గంట మోగితే తిరగెయ్యి అన్నామా, తప్పులు మొదలవుతాయి.

దీనికి మనస్తత్వ శాస్త్రవేత్తలు యెర్క్స్, డాడ్సన్‌ల 1908 నాటి ప్రయోగం పేరుతో వంకీ గీతను అందరూ చూపిస్తుంటారు. ఉత్తేజం పెరిగేకొద్దీ పనితనం పెరిగి, ఒక శిఖరం దాటాక పడిపోతుందని. సంగతేమిటంటే, అందులో వ్యాయామం లేదు, మనుషులూ లేరు. ఎలుకలకు కరెంటు షాకులిచ్చి నల్లపెట్టెకూ తెల్లపెట్టెకూ తేడా నేర్పారు. తేడా సులువుగా తెలిసేలా ఉంటే షాకు బలం పెరిగేకొద్దీ త్వరగా నేర్చాయి. తేడా పట్టుకోవడం కష్టమైనప్పుడే మధ్యస్థ షాకు మెరుగ్గా పనిచేసింది. గీతను నకలు చేసినవాళ్లు సులువు పనికీ కష్టమైన పనికీ ఉన్న ఈ తేడాను వదిలేశారు, మనకు కావాల్సింది అదే. పని ఎంత చిక్కుగా ఉంటే తీవ్రతకు హద్దు అంత కిందికి దిగుతుంది.

మరో మాట. మధ్యస్థ వ్యాయామం తర్వాత వచ్చే లాభం ఎక్కువగా వేగంలో కనిపిస్తుంది, కచ్చితత్వంలో అంతగా కాదు. త్వరత్వరగా జవాబులు గుర్తించి తప్పులు పెంచుకునే అలవాటున్నవారు, తప్పుకు మార్కులు కోసే పరీక్షలో ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ప్రశ్న: పదాలు, సూత్రాలు, తేదీలు బట్టీ పట్టాల్సినవి చాలా ఉన్నాయి. చదివే ముందు వ్యాయామం చేయాలా, చదివాకా?

జవాబు: ఏకాగ్రతకు వర్తించే నియమం జ్ఞాపకానికి అలాగే వర్తించదు. ఇక్కడ గట్టి వ్యాయామానికి కూడా చోటుంది.

2007లో జర్మనీలో జరిగిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. క్రీడలు చదువుతున్న యువకులు ఒకసారి మూడేసి నిమిషాల వేగపు పరుగులు రెండు చేశారు, ఇంకోసారి 40 నిమిషాలు మెల్లగా పరుగెత్తారు, మరోసారి ఊరికే కూర్చున్నారు. తర్వాత కొత్త పదాలు నేర్చుకున్నారు. వేగపు పరుగుల తర్వాత 20 శాతం త్వరగా నేర్చారు. వాళ్లు శరీర దారుఢ్యం ఉన్నవాళ్లన్న సంగతి మరిచిపోవద్దు. వ్యాయామం అలవాటులేనివాళ్లు అదే పరుగు పరుగెత్తితే తర్వాతి అరగంట పదాల మీద కాక పొట్ట పట్టుకోవడం మీద పోతుంది.

2016లో నెదర్లాండ్స్‌లో జరిగినది ఇంకా ఆసక్తికరం. 72 మంది బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేర్చుకున్నారు. ఒక బృందం వెంటనే వ్యాయామం చేసింది, ఇంకొకటి నాలుగు గంటల తర్వాత చేసింది, మూడోది చేయలేదు. వ్యాయామం 35 నిమిషాల సైక్లింగ్, కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కుతూ, గరిష్ఠ గుండె వేగంలో 80 శాతం దాకా. రెండు రోజుల తర్వాత చూస్తే నాలుగు గంటలాగి చేసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వెంటనే చేసినవాళ్లకూ అసలు చేయనివాళ్లకూ తేడా లేదు. నేర్చుకున్నది మెదడులో గట్టిపడటానికి గంటలు పడుతుంది, ఆ సమయంలో వచ్చిన డోపమైన్, నార్‌అడ్రినలిన్ దానికి తోడ్పడతాయని అనుకుంటున్నారు. కానీ 2012లో చేతి నైపుణ్యం మీద జరిగిన ప్రయోగంలో సాధన అయిన వెంటనే చేసిన తీవ్ర వ్యాయామమే వారం తర్వాత ఎక్కువ మేలు చేసింది. అంటే 'నాలుగు గంటలు' అన్నది శిలాశాసనం కాదు. చేతి పనికి ఒక తీరు, బొమ్మల జ్ఞాపకానికి ఇంకో తీరు.

మా సలహా: కొత్తగా అర్థం చేసుకోవాల్సిన అధ్యాయాన్ని తాజాగా ఉన్నప్పుడు, కావాలంటే తేలికపాటి నడక తర్వాత చదవండి. బట్టీ పట్టాల్సినవి మధ్యాహ్నం పూర్తిచేసి, గట్టి వ్యాయామాన్ని సాయంత్రానికి పెట్టుకోండి. తర్వాత చదవాల్సివస్తే పాతవి తిరగేయండి, కొత్తది తెరవకండి. గట్టి వ్యాయామం వారంలో రెండు మూడు రోజులు చాలు: పది నిమిషాల వార్మప్, నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగుసార్లు, చివర ఐదు నిమిషాల నడక. గట్టిగా అన్న నాలుగు నిమిషాల్లో చివరికి గుండె వేగం గరిష్ఠంలో 85 నుంచి 95 శాతానికి చేరాలి. మొదటి వారమే నాలుగు విడతలకు పోవద్దు. రెండుతో మొదలుపెట్టి వారానికొకటి పెంచండి. మొదటి విడతలోనే శక్తినంతా ఖర్చుపెట్టడం అందరూ చేసే తప్పు. నాలుగో విడత మొదటిదానంత వేగంగా చేయగలిగితేనే మీ వేగం సరైనది.

ప్రశ్న: ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ పాఠాలు వింటాను. టైమ్ కలిసొస్తుంది కదా?

జవాబు: గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంలో వినడం వరకు పరవాలేదు. ఒకసారి చదివేసిన పాఠాన్ని తిరిగి వినడానికి మంచి సమయమే. వేగం పెంచి, కమ్మీ వదిలేసి, తెర మీద లెక్కలు చేయబోతే రెండూ చెడతాయి. అడుగు తప్పకుండా చూసుకోవడానికే మెదడు కొంత ఖర్చుపెడుతుంది. వ్యాయామం సాగుతున్నప్పటి మొదటి 20 నిమిషాల్లో పనితనం తగ్గినట్టు, తర్వాత కాస్త పెరిగినట్టు అనేక అధ్యయనాల్ని కలిపి చూసినవాళ్లు గమనించారు. ట్రెడ్‌మిల్ కన్నా కూర్చుని తొక్కే సైకిల్ నయమని కూడా. నోట్స్ రాయాల్సిన పాఠమైతే దిగి కూర్చోండి.

ప్రశ్న: నాకు ఏ తీవ్రత సరిపోతుందో నేనే తేల్చుకోవాలంటే? ల్యాబ్ లేదు, ఫోన్ మాత్రం ఉంది.

జవాబు: తేల్చుకోవచ్చు, కొంచెం ఓపిక కావాలి. ముందు ఒక్క పరీక్ష ఎంచుకోండి. 1935లో మనస్తత్వ శాస్త్రవేత్త స్ట్రూప్ రూపొందించినది ఇంట్లో తయారుచేసుకోవడానికి వీలైనది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అన్న మాటల్ని వేరే రంగుల్లో రాయాలి, నీలం రంగుతో 'ఎరుపు' అని, అలా. ఒక కాగితం మీద వంద మాటలు. చదవకుండా రంగు పేరు మాత్రం పైకి చెప్పుకుంటూ పోవాలి. పట్టిన సమయం, తప్పుల సంఖ్య రెండూ రాసుకోండి. క్రమం మార్చి కనీసం ఎనిమిది కాగితాలు చేసుకోవాలి, లేకపోతే రంగుల వరస కంఠస్థమైపోతుంది. తప్పులు లెక్కపెట్టడానికి ఫోన్‌లో రికార్డు చేయండి, అప్పటికప్పుడు లెక్కపెట్టబోతే వేగం పోతుంది.

చాలామంది ప్రయోగం ఇక్కడే చెడిపోతుంది: మొదటి రోజు కూర్చుని, రెండో రోజు నడిచి, మూడో రోజు పరుగెత్తి రాస్తారు. మూడో రోజు బాగా వస్తుంది, పరుగే గొప్పదంటారు. బాగా వచ్చింది మూడోసారి చేయడం వల్ల! అందుకే సమయం ఇక తగ్గడం లేదని తేలేదాకా ఊరికే సాధన చేయండి, ఆ అంకెల్ని పారేయండి. తర్వాత మూడు చీటీలు రాయండి: ఊరికే కూర్చోవడం, మధ్యస్థ వ్యాయామం 25 నిమిషాలు, విరామాలతో గట్టి వ్యాయామం 25 నిమిషాలు. ఏ రోజు ఏది అన్నది చీటీ తీసి తేల్చండి. మూడూ అయ్యాక మళ్లీ మూడు చీటీలు. ఒక్కొక్కటి ఐదారుసార్లు రావాలి. అన్ని రోజులూ ఒకే వేళ, టీ కాఫీలు తాగితే ఒకే కొలత, ముందు రాత్రి నిద్ర ఆరు గంటలకు తగ్గితే ఆ రోజు లెక్కలోకి రాదు. వ్యాయామం ఆపిన 15 నిమిషాలకు పరీక్ష.

ఫలితం చూసేటప్పుడు సగటు కన్నా, అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పెడితే నడుమ వచ్చే అంకెను పట్టుకోండి, ఒక్క చెడ్డ రోజు సగటును లాగేస్తుంది. ఊరికే కూర్చున్న రోజుల్లోనే మీ సమయం ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూడండి. వ్యాయామం వల్ల వచ్చిన తేడా ఆ ఊపు కన్నా చిన్నదైతే తేడా లేదనే అనుకోవాలి. సమయం తగ్గి తప్పులు పెరిగితే అది మెరుగుదల కాదు, తొందర. ఇంకొకటి, పరీక్షకు ముందు 'ఇవాళ ఎలా చేస్తాననిపిస్తోంది' అని పదికి ఒక మార్కు వేసుకోండి. మీ అంచనాకూ ఫలితానికీ ఎంత దూరం ఉందో చూస్తే ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: రాత్రి నిద్ర లేనప్పుడు పది నిమిషాలు మెట్లెక్కి దిగితే కాఫీ అక్కర్లేదంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. నిద్ర చాలని యువతుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో పది నిమిషాలు మెట్లెక్కి దిగాక 50 మిల్లీగ్రాముల కెఫీన్ కన్నా ఎక్కువ ఉత్సాహం అనిపించింది. ఆ ఉత్సాహం కాసేపే నిలిచింది, ఏకాగ్రత, జ్ఞాపకం పరీక్షల్లో మాత్రం మెరుగు కనిపించలేదు. హుషారుగా అనిపించడం వేరు, బాగా చేయడం వేరు. నిద్రమత్తులో గంటల తరబడి కుర్చీలోంచి లేవకుండా ఉండటం కన్నా పది నిమిషాల మెట్లు నయం, అంతవరకే. నిద్ర బాకీ నిద్రతోనే తీరుతుంది.

ప్రశ్న: ఆరు నెలలు పరుగెడితే తెలివితేటలు పెరుగుతాయా? మెదడు పెద్దదవుతుందని కూడా విన్నాను.

జవాబు: మెదడు పెద్దదవడం అన్న మాట 2011 నాటి ప్రయోగం నుంచి వచ్చింది. 120 మంది పెద్దవాళ్లలో సగం మంది ఏడాది పాటు వారానికి మూడు రోజులు నడిచారు, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ వాళ్లలో 2 శాతం పెరిగింది. వాళ్ల వయసు 55 నుంచి 80. ఆ వయసులో కుంచించుకుపోయే భాగం అది. మీ వయసులో మెదడు పనితనం ఎటూ శిఖరం దగ్గరే ఉంటుంది, పెరగడానికి చోటు తక్కువ. 2019లో 20 నుంచి 67 ఏళ్లవారిని ఆరు నెలలు వ్యాయామం చేయించి చూసినప్పుడు ఆలోచనను అదుపు చేసుకునే సామర్థ్యం పెరిగింది, వయసు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువగా.

అలాగని యువతకు ఏమీ లేదనలేం. స్వీడన్‌లో సైన్యంలో చేరే వేళ పరీక్షించిన 12 లక్షల మంది యువకుల వివరాల్ని 2009లో విశ్లేషిస్తే, 18 ఏళ్ల వయసులో గుండె ఊపిరితిత్తుల దారుఢ్యం ఎక్కువగా ఉన్నవాళ్లకు తెలివి పరీక్షల్లో మార్కులూ ఎక్కువ వచ్చాయి. కండబలంతో అలాంటి సంబంధం కనిపించలేదు. సంబంధం ఉందంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు. కానీ 15 నుంచి 18 ఏళ్ల మధ్య దారుఢ్యం పెరిగినవాళ్లే మెరుగ్గా ఉన్నారన్నది కొట్టిపారేయలేని మాట.

వారానికి ఎంత అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత చాలు: 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం, వాటితో పాటు రెండు రోజులు కండరాలకు పని. బరువులెత్తడం తర్వాత ఏకాగ్రత గురించి చాలామంది అడిగారు. దాని మీద పరిశోధన తక్కువ. మరీ భారీ బరువులు ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగిసి, దించగానే పడి, తల తిరుగుతుంది. చదువుకు ముందు అయితే పది పన్నెండుసార్లు ఎత్తగలిగే బరువుతో, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ చేయండి.

ప్రశ్న: పరీక్షల కంగారుకు డాక్టర్ ప్రొప్రనలాల్ రాశారు. ఎంత పరుగెత్తినా గుండె వేగం 130 దాటడం లేదు. అలాగే మా తమ్ముడు ఒకసారి పరుగు ఆపగానే కళ్లు తిరిగి పడిపోయాడు. భయపడాలా?

జవాబు: మొదటిది మందు చేసే పనే. అది గుండె వేగాన్ని పెరగనివ్వదు, కాబట్టి పైన చెప్పిన నాడి లెక్కలేవీ మీకు పనికిరావు. 140 చేరాలని ఇంకా ఇంకా పరుగెత్తకండి. మాట్లాడి చూసే పద్ధతి, బోర్గ్ అంకెలు వాడుకోండి. వ్యాయామం కోసం మందు మీకై మీరు ఆపవద్దు, డాక్టరుకు చెప్పి మార్చుకోవచ్చు.

తమ్ముడి విషయంలో పడిపోయింది ఎప్పుడన్నదే కీలకం. గట్టిగా పరుగెత్తి చటుక్కున నిలబడిపోతే కాళ్లలోని రక్తం పైకి రాదు, రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే త్వరగా తేరుకుంటారు. ఇకనుంచి ఆగకుండా ఐదు నుంచి పది నిమిషాలు నడిచి ముగించమనండి. అదే పరుగు మధ్యలో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నట్టు అనిపించినా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపే హఠాత్తుగా చనిపోయి ఉన్నా అది వేరే సంగతి. గుండె కండరం మందంగా పెరిగే జబ్బులాంటివి యువకుల్లో ఇలాగే బయటపడతాయి. ఈసీజీ, గుండె స్కానింగ్ అయ్యి డాక్టరు సరేననేదాకా పరుగు, ఆటలు రెండూ ఆపించండి.